ఒకే ఊరు, ఒకే సాయంత్రం. ఇద్దరికి నచ్చింది, ఇద్దరికి ఒళ్లు మండింది. ఇది మారుతుందా?

చక్రంపోయిన_పెట్టె అడిగింది:

నిన్న సాయంత్రం ఇస్తాంబుల్‌లో దిగాం. నలుగురం ఆడవాళ్లం, కాలేజీ రోజుల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లం. ఇప్పుడు తలో చోట ఉంటున్నాం కాబట్టి విమానాలు కూడా వేరు. ఇంకా ఐదు రోజులు ఇక్కడే ఉండాలి. ఒక్క రాత్రికే గదిలో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక పార్టీ ఊరిని నెత్తిన పెట్టుకుని ఊరేగుతోంది. రెండో పార్టీలో ఉన్నది నేనూ, మా లెక్కల మనిషీ (ఖర్చులు రాసే పని దానిది, పైసా వదలదు). మేమిద్దరం టికెట్ ముందుకు జరుపుకుంటే ఎంతవుతుందో కూడా చూశాం. మిగతావాళ్లు పడుకున్నారు. నాకు నిద్రపట్టక ఇది రాస్తున్నాను.

తప్పు మాదే, ముందే ఒప్పుకుంటున్నా. "ఎయిర్‌పోర్టులో కలుద్దాం" అని గ్రూపులో రాసుకున్నాం. ఏ ఎయిర్‌పోర్టు అని నలుగురిలో ఒక్కరికీ అడగాలనిపించలేదు. ఇక్కడ రెండున్నాయి. మేమిద్దరం దిగింది యూరప్ వైపు, నల్ల సముద్రానికి దగ్గర్లో ఉన్న పెద్దదాంట్లో. వాళ్లిద్దరూ దిగింది ఆసియా వైపు, సబీహా గొక్చెన్‌లో. "కాఫీ కొట్టు పక్కన నిలబడ్డాం, ఎర్ర జాకెట్ చూడు" అని అటునుంచి మెసేజ్. "కాఫీ కొట్టు ఉంది, ఎర్ర జాకెట్ లేదు" అని ఇటునుంచి. ఇరవై నిమిషాలు ఇదే నడిచింది. చివరికి లొకేషన్ పంపుకుంటే ఇంకేముంది, వాళ్లో ఖండం, మేమో ఖండం.

సరే, గది దగ్గరే కలుద్దాం అనుకున్నాం. గది గలాటా టవర్ కిందుగా ఒక సందులో ఉంది. వాళ్లు ఎయిర్‌పోర్టులోనే మెట్రో ఎక్కి కాడికొయ్‌లో దిగారు, అక్కణ్నుంచి పడవ పట్టుకుని గలాటా కిందున్న కరాకొయ్ రేవుకి వచ్చేశారు. పడవ ప్రయాణం ఇరవై నిమిషాలట. సరిగ్గా పొద్దుగూకే వేళ. ఎడమవైపు టోప్‌కాపి రాజభవనం, దాని వెనక మసీదుల గుమ్మటాలు, ఎర్రటి ఆకాశానికి అడ్డంగా నల్లగా మినార్లు. పడవలోనే చిన్న నడుము గాజు గ్లాసుల్లో టీ. పక్కన పిల్లాడెవరో రొట్టె ముక్కలు విసురుతుంటే పక్షులు గాల్లోనే అందుకున్నాయట. ఈ పక్షుల కథ నిన్న రాత్రి నుంచి నేను నాలుగుసార్లు విన్నాను.

ఇక మా సంగతి. తక్సీమ్ వెళ్లే బస్సెక్కాం, ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చున్నాం. దిగేసరికి చీకటి పడింది, పైన సన్నటి వాన. ఇస్తిక్లాల్ వీధి నిండా జనం, ఆ జనంలో రెండు పెట్టెలు లాక్కుంటూ నడక. సిమ్ తీసుకోలేదు. కౌంటర్లో చెప్పిన ధర వినగానే లెక్కల మనిషి నా చెయ్యి పట్టి లాక్కొచ్చేసింది. ఫోన్‌లో దాచుకున్న మ్యాపే గతి. ఆ మ్యాపులో మా సందు పేరుతోనే ఇంకో పెద్ద వీధి కూడా ఉందని అప్పుడు గమనించలేదు. ఆ వీధి వైపు దిగిపోయాం, కిందికి, ఇంకా కిందికి, బ్యాంకు భవనాలున్న రోడ్డు దాకా. అక్కడ తెలిసింది, రావాల్సింది పైకి అని.

కొట్టు కట్టేస్తున్న ఒక పెద్దాయనకి అడ్రస్ చూపించి, కుడివైపు చెయ్యి చూపిస్తూ "ఇటేనా?" అన్నట్టు అడిగాను. ఆయన కనుబొమలు పైకి లేపి, తల కొంచెం వెనక్కి ఎత్తి "చ్" అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు. షట్టర్ కిందికి లాక్కున్నాడు. ఊరిమీద నా అభిప్రాయం ఆ "చ్" దగ్గరే ఖాయమైపోయింది.

తర్వాత మెట్లు. వంకర తిరిగిన రాతి మెట్లు, వానకి నున్నగా మెరుస్తున్నాయి. సగం ఎక్కాక నా పెట్టె చక్రం ఒకటి ఊడి టకటకమని కిందికి దొర్లిపోయింది. దిగి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలీదు, కోటు జేబులో వేసుకున్నా. గదికి చేరేసరికి పది దాటింది. తలుపు తీస్తూనే ఎర్ర జాకెట్ మనిషి అంది: "అబ్బ, ఎంత బాగుందే ఈ ఊరు!" దానికి నేనేమన్నానో ఇక్కడ రాయను.

ఇంతకీ అడిగేది ఏంటంటే, కొత్త ఊళ్లో మొదటి నాలుగు గంటలు ఇలా గడిస్తే ఆ ముద్ర పోతుందా? మీలో ఎవరికైనా పోయిందా? పొద్దున్నే అదే పడవ ఎక్కిద్దామని వాళ్ల ప్లాన్. నాకు మాత్రం రోషం. వాళ్లు చూసేసినదాన్ని వాళ్ల పక్కన నిలబడి "అవునే, బాగుందే" అనాలంటే నోరు రావట్లేదు.

గలాటాలో_రెండేళ్లు రాసింది:

అక్కా, ముందు ఆ పెద్దాయన సంగతి చెప్పనివ్వండి, పాపం. ఆయన మిమ్మల్ని విసుక్కోలేదు. కనుబొమలెత్తి, తల వెనక్కి వంచి "చ్" అంటే ఇక్కడ "కాదు" అని అర్థం. అంతకుమించి ఏమీ లేదు. మీరు కుడివైపా అని అడిగారు, ఆయన కాదన్నాడు. మన "ప్చ్"కి దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి చీదరించుకున్నట్టు అనిపిస్తుంది. నేను చదువుకోడానికి వచ్చిన మొదటి వారం బేకరీలో ఒకావిడ నన్ను మూడురోజులు వరసగా "చ్" అంది. ఆవిడకి నేనంటే పడదనుకున్నాను. నేనడిగే రొట్టె అయిపోయిందని చెప్తోందని నాలుగోరోజు అర్థమైంది.

రెండోది, మీరు దారి అడిగినప్పుడు వీధి పేరు ఎలా పలికారు? ఇంగ్లీషులో చూసినట్టు చదివి ఉంటే ఎవరికీ అర్థం కాదు. టర్కిష్ రాత 1928లో లాటిన్ అక్షరాలకి మారింది, కానీ అక్షరాల పలుకు వాళ్లది. ఇంగ్లీషు 'సి' కనిపిస్తే అది 'జ'. వీధి బోర్డుల మీద కనిపించే మాట 'కడ్డెసి' కాదు, 'జాద్దెసి', అంటే వీధి. ఆ 'సి' కింద చిన్న తోక ఉంటే 'చ'. మీ వాళ్లు పడవలో తాగింది 'చాయ్'. ఈ రెండూ పట్టుకుంటే సగం ఊరు చదివేయొచ్చు. ఆ తర్వాత చెవులు రిక్కించండి. చౌరస్తాని మెయ్‌దాన్ అంటారు, కొట్టుని దుక్కాన్ అంటారు. హబెర్ అంటే కబురు. జెవాప్ అంటే జవాబు. కూరగాయలవాడు తాజె అని అరుస్తుంటే మీరు ఆగి చూస్తారు, తాజా కాబట్టి. అరబ్బీ, పారశీకం నుంచి అటు కొన్ని పోయాయి, ఇటు కొన్ని వచ్చాయి. అవి ఎక్కడో ఒకచోట ఎదురుపడతాయి.

మూడోది రాయాలా వద్దా అని ఆలోచించాను. బ్యాంకులున్న రోడ్డు నుంచి పైకి, వంకర తిరిగిన రాతి మెట్లు అన్నారు కదా. అవి కమొండో మెట్లే అయ్యుండాలి. 19వ శతాబ్దంలో కమొండో అనే బ్యాంకర్ల కుటుంబం కట్టించింది. జారిన పిల్లలు కిందిదాకా దొర్లిపోకుండా మధ్యలోనే ఆగాలని అలా వంకరగా కట్టారని చెప్పుకుంటారు. మీ చక్రం ఆగలేదంటే ఆ కథ మీద నాకు అనుమానం వస్తోంది. జనం ఆ మెట్లని చూడ్డానికే పనిగట్టుకుని వస్తారు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్తియే-బ్రెసోన్ 1964లో వాటిని ఫొటో తీశాడు. మీరు పెట్టె మోసుకుంటూ ఎక్కారు.

ఆలస్యంగా_వచ్చినవాడు రాసింది:

పుండు మీద కారం అనుకోకండి గానీ, ఆ ఎత్తు ఎక్కడానికి కరాకొయ్ నుంచి భూమి లోపల బండి ఉందండీ. పేరు త్యునెల్. 1875లో మొదలైంది, భూగర్భ రైళ్లలో లండన్ తర్వాత పాతది ఇదే. పొడవు 573 మీటర్లు, ఒకటిన్నర నిమిషంలో పైకి తెచ్చి దించుతుంది. దాని పై స్టేషన్ ఇస్తిక్లాల్ చివర్లోనే, మీరు దాని ముందునుంచే నడిచి ఉంటారు. ఎయిర్‌పోర్టు నుంచి కూడా మెట్రో ఉంది, గాయ్‌రెత్తెపె దాకా 2024 జనవరిలో వచ్చింది. అక్కడ లైను మారి షిష్‌హానెలో దిగితే గలాటా నడిచిపోయేంత దూరం.

ఇకమీద పనికొచ్చేవి చెప్తాను. బస్సులకీ రైళ్లకీ పడవలకీ పనికొచ్చే ఇస్తాంబుల్‌కార్ట్ ఒకటి కొంటే నలుగురూ దాన్నే నాలుగుసార్లు తాకించి వెళ్లొచ్చు. సముద్రం కిందనుంచి పోయే మర్మరాయ్ రైలు ఎక్కితే, దిగాక బయటికి వచ్చే చోట కార్డు మళ్లీ తాకించండి. ముందు పూర్తి దూరానికి డబ్బు కోసుకుంటుంది, తక్కువ దూరం వెళ్తే మిగిలింది వెనక్కి వేస్తుంది. మీ లెక్కల మనిషికి ఇది తప్పక చెప్పండి. గ్రాండ్ బజార్ ఆదివారం మూసేస్తారు, టోప్‌కాపి మంగళవారం. అయా సోఫియా మసీదులో పై అంతస్తుకి విదేశీ సందర్శకులకి 2024 నుంచి టికెట్ పెట్టారు, 25 యూరోలు. ఈ సంగతి ఆవిడకి కొంచెం నెమ్మదిగా చెప్పండి.

మొహమాటంలేని_మామయ్య రాసింది:

అమ్మా, నేను కాస్త వేరేగా చెప్తాను. ఆ ముద్ర పోవాల్సిన పనేముంది? వాళ్లు చూసిందీ ఊరే, నువ్వు చూసిందీ ఊరే. సూర్యాస్తమయం ఎంత నిజమో వాన, ట్రాఫిక్, మెట్లు అంతే నిజం. మొదటిరోజే అందరూ ఊరిని ప్రేమించి తీరాలన్న రూలు ఎవరు పెట్టారో నాకు అర్థం కాదు. ఫొటోలు పెట్టేవాళ్లు పెట్టి ఉంటారు.

చాలా ఏళ్ల కిందట ముగ్గురు స్నేహితులం వెనిస్ వెళ్లాం. ఇద్దరం రైల్లో దిగాం. శాంత లూచియా స్టేషన్ తలుపు దాటితే మెట్లు, మెట్ల కింద గ్రాండ్ కెనాల్. రోడ్డు లేదు, ముందుమాట లేదు, నేరుగా నీళ్లు. మూడోవాడు బస్సులో వచ్చి పియత్సాలె రోమాలో దిగాడు. అది బస్సులు, కార్లు ఆగే చోటు, డీజిల్ వాసన. ఉన్న మూడు రోజులూ వాణ్ని మేం ఒప్పించాలని చూశాం. "అది చూడరా, ఇది చూడరా" అని చంపుకు తిన్నాం. వాడు రెండోరోజుకి మాట్లాడ్డం మానేశాడు. ఊరు నచ్చక కాదు, మా గోల భరించలేక. పడవలో వచ్చిన మీవాళ్లిద్దరికీ ఇది చదివి వినిపించు.

ఇంకొక్కటి అడుగుతా, నిజం చెప్పు. విమానం దిగినప్పటి నుంచి గది చేరేదాకా మీ ఇద్దరూ ఏమైనా తిన్నారా?

చక్రంపోయిన_పెట్టె రాసింది:

మామయ్యగారూ, తినలేదు. విమానంలో ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్ ఇద్దరం పంచుకున్నాం, అంతే. దీన్ని నా మీద వాడకండి.

"చ్" గురించి చదివాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నిన్న రాత్రి ఆయన్ని నేను తెలుగులో ఒక మాట అన్నాను, ఆయనకి అర్థం కాదన్న ధైర్యంతో. ఆయన మాత్రం సరైన దారే చెప్పాడు. కుడివైపు కాదు, నిజంగానే కాదు.

త్యునెల్ గురించి లెక్కల మనిషికి చెప్పలేదు. ఇప్పట్లో చెప్పను.

కిటికీసీటు రాసింది:

పడవ పొద్దున్న ఎక్కితే వాళ్లు చూసింది మీకు కనబడదు, అది సాయంత్రం బొమ్మ. కాబట్టి వాళ్ల పక్కన నిలబడి తలూపాల్సిన గొడవే ఉండదు. ఎక్కేయండి. పై డెక్‌లో గాలి చలిగా ఉంటుంది, పైన ఇంకేదైనా కప్పుకోండి.

చక్రంపోయిన_పెట్టె మళ్లీ రాసింది, రెండు రోజుల తర్వాత:

అందరికీ థాంక్స్. ఏమైందో చెప్పకపోతే బాగోదు కదా, అందుకే వచ్చాను.

శుక్రవారం పొద్దున్న పడవ ఎక్కలేదు. నేను ముందు లేచి, ఎవరికీ చెప్పకుండా ఆ మెట్ల దగ్గరికి వెళ్లాను. వాన లేదు. రెండు పాయలుగా విడిపోయి మళ్లీ కలుస్తున్నాయి మెట్లు, మధ్యలో గచ్చు మీద బూడిదరంగు పిల్లి సాగిలపడి పడుకుంది. ఎవరో అమ్మాయి పెళ్లి ఫొటోలు దిగుతోంది, తెల్లగౌను కొసలు నేలకి తగలకుండా ఇద్దరు పట్టుకున్నారు. పిల్లి కదిలితేగానీ ఫొటో కుదరదు, అది కదలదు. ఫొటోగ్రాఫర్ దాన్ని బతిమాలుతున్నాడు, లేపడు. పదినిమిషాలు నిలబడి చూశాను. నా చక్రం ఏ మెట్టు దగ్గర ఊడిందో మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

లెక్కల మనిషి మారిన వైనం వేరే. శుక్రవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఎర్ర జాకెట్ ఎవరో నేర్పినట్టు చెయ్యి ఎత్తి "హెసాప్" అంది. వెయిటర్ బిల్లు తెచ్చాడు. లెక్కల మనిషి ఉలిక్కిపడి "ఏమన్నావే? హిసాబా?" అంది. అవును, బిల్లుకీ లెక్కకీ ఇక్కడ ఒకటే మాట. ఊరుఊరంతా పొద్దస్తమానం "లెక్క, లెక్క" అని పిలుస్తుంటే దానికి సొంతింటికి వచ్చినట్టుంది. ఇప్పుడు ప్రతిచోటా బిల్లు అదే అడుగుతోంది, ఇంకెవరినీ అడగనివ్వదు. టికెట్ జరపడం మాట మళ్లీ ఎత్తలేదు. మర్మరాయ్‌లో డబ్బు వెనక్కి వేస్తుందని చెప్తే, వేస్తుందో లేదో చూద్దామని పనిలేకపోయినా సముద్రం కిందనుంచి అటొక స్టేషనూ ఇటొక స్టేషనూ తిప్పింది మమ్మల్ని.

పడవ నిన్న సాయంత్రం ఎక్కాం, నలుగురం. మబ్బు పట్టింది. ఎర్రటి ఆకాశం లేదు, మినార్లు ఉన్నాయి గానీ పొగలో ఉన్నట్టున్నాయి. పక్షులు వచ్చాయి. "ఆరోజు ఇలా లేదే, నిజంగా" అని మొదటిరోజు పడవలో వచ్చినవాళ్లిద్దరూ మాకు సర్దిచెప్పడం మొదలుపెట్టారు, ఏదో వాళ్ల ఇంటికి పిలిచి కూర మాడగొట్టినట్టు. నాకు నవ్వొచ్చింది. నాకు ఆ బూడిదరంగే నచ్చింది, కానీ అప్పుడే చెప్పలేదు, కాసేపు వాళ్లని అలాగే ఉండనిచ్చాను.

ఇక చక్రం. గలాటా కింద, నీళ్ల వైపు, పెర్షెంబె పజారి అని ఇనుప సామాన్ల కొట్లు ఉన్నాయి. బోల్టులు, గొలుసులు, పైపులు, పడవలకి కావాల్సినవి. పెర్షెంబె అంటే గురువారమట, మేం దిగిందీ గురువారమే. నిన్న పొద్దున్న పెట్టె లాక్కుంటూ అక్కడికి వెళ్లాను. లాక్కుంటూ అంటే, ఒకపక్క ఈడ్చుకుంటూ. జేబులోంచి చక్రం తీసి చూపిస్తే ఒకాయన కొట్టు వెనక్కి పిలిచి స్టూలు వేశాడు. ఇరుసు వంగిపోయింది. దాన్ని పీకేసి, డబ్బాల్లో వెతికి సరిపోయే బోల్టు ఒకటి పట్టుకున్నాడు, పొడుగు ఎక్కువైతే రంపంతో కోశాడు. రెండువైపులా వాషర్లు పెట్టి బిగించి, చక్రాన్ని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎందుకో మళ్లీ విప్పి కొంచెం గ్రీజు రాశాడు. ఈలోగా పిల్లాడు టీ తెచ్చిచ్చాడు. పావుగంట పట్టింది.

పర్సు తీసి ఎంత అన్నట్టు చూశాను. ఆయన కనుబొమలు పైకెత్తి, తల వెనక్కి వంచి "చ్" అన్నాడు.